ఏ పాపమని అడిగిన టీచరమ్మ

టీచరమ్మను సమాధి చేసిన రోజు పాస్టరుగారు ఆమెది వెన్నలాంటి మనసని చెప్పారు. జీవితంలో ఎవరినీ ఒక్క మాట అనలేదట. క్షమించడం తప్ప ఆమెకు ఇంకేదీ తెలియదట. నారాయణగూడ సమాధుల తోటలో వెనక వరుసలో నిలబడ్డ మేం, అంటే ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లం, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇస్త్రీ బండి ఎల్లమ్మ నా చెవి దగ్గరికి వంగి, "ఈయన ఎవరి గురించి చెప్తున్నడే? మనం వేరే సావుకు రాలేదు గద?" అంది. ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

పాస్టరుగారు అబద్ధం చెప్పారని నేననను. ఆయన సగం చెప్పారు. మిగతా సగం తెలిసినవాళ్లం వెనక వరుసలో ఉన్నాం. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. పొగడ్త అంటే ఆమెకు పడదు. చర్చిలో ఎవరైనా ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పబోతే, గొడుగు తీసుకుని బయటికి నడిచేది. ఆ గొడుగు ఎండాకాలమూ వానాకాలమూ చలికాలమూ ఆమెతోనే ఉండేది. పొడుగు మనిషి, సన్నటి మనిషి. బూడిదరంగు నేత చీర. ముప్పై ఏళ్లకు పైగా బడిలో గంట ప్రకారం బతికిన మనిషే అయినా, చేతికి వాచీ ఉండేది కాదు. "టైమెంత బిడ్డా?" అని దారిన పోయేవాళ్లనల్లా అడిగేది. వాచీ ఎందుకు పెట్టుకోరని అడిగితే, మాట మార్చి మన చేతిరాత మీద పడేది.

చిక్కడపల్లిలో ఒక సందులో చిన్న చర్చి, దాని వెనక రేకుల గది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అక్కడ మా బడి. ఇళ్లల్లో అంట్లు తోమేవాళ్లకు, నాలాగా హాస్టళ్లలో వంట చేసేవాళ్లకు పొద్దటి పని అయిపోయి సాయంత్రం పని మొదలయ్యేలోపు దొరికే ఖాళీ ఆ రెండు గంటలే. అంతకుముందు ఆ వేళకు కాళ్లు చాపి ఒక కునుకు తీసేవాళ్లం. ఆమె వచ్చి ఆ కునుకు లాక్కుంది.

మొదటి రోజు పలకలు ఇస్తుందనుకున్నాం. పెన్నులు ఇచ్చింది. పెన్సిల్ అడిగితే లేదంది. రబ్బరును గదిలోకే రానివ్వలేదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి, పక్కనే సరిగ్గా రాయాలి. గీత కింద తప్పు కనిపిస్తూనే ఉండాలి. నా మొదటి నోటుపుస్తకం తెరిస్తే కోళ్లు కొట్లాడుకున్న నేలలాగా ఉంటుంది. నలుగురు చూస్తే నవ్వుతారని నేను సిగ్గుపడితే ఆమె, "నవ్వనీ. తప్పు రాసినవు, దిద్దుకున్నవు. రెండూ కనబడుతున్నయి. తుడిచినవనుకో, రెండూ పోతయి" అంది.

సున్నాలు ధారాళంగా వేసేది. పేజీ సగానికి ఒక సున్నా వేసి, వెంటనే మన పక్కన చాప మీద కూర్చుని, మణికట్టు పట్టుకుని అదే అక్షరం పదిసార్లు రాయించేది. ఆమె అరచేయి గరుకుగా ఉండేది. ఆ చెయ్యి సున్నా వేసిన చెయ్యే. మాకు రెండు చేతులుగా ఎన్నడూ అనిపించలేదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బస్సులు ఎప్పుడు ఆగుతాయో, అంగళ్లు ఎప్పుడు మూస్తారో తెలిసేది కాదు. నేను వంట చేసే అశోక్ నగర్ హాస్టల్లో ఆడపిల్లలకు పొద్దున పరీక్షల పుస్తకాలు, సాయంత్రం ర్యాలీలు. బంద్ రోజున కూడా టీచరమ్మ నారాయణగూడ నుంచి నడిచొచ్చేది. ఇయ్యాల బంద్ గద టీచరమ్మా అంటే, "అక్షరాలు బంద్ పెట్టినయా?" అనేది. పొయ్యి పక్కన నోటుపుస్తకం పెట్టుకుని గుణింతాలు రాసే నన్ను చూసి హాస్టల్ పిల్లలకు సరదా. "అక్కా, గ్రూప్ టూకు నువ్వు గూడ అప్లై చేస్తున్నవా? జర పప్పుల ఉప్పు చూసి రాయి" అనేవాళ్లు.

ఆమె మాకు మతం బోధించలేదు. మాలో సగం మంది చర్చికి పోయేవాళ్లు కాదు. ఎల్లమ్మ అయితే అమ్మవారికి బోనం ఎత్తే మనిషి. ఆమే ఒకరోజు ఉండబట్టలేక అడిగింది, మీ దేవుడు కొట్టేవాడా, ముద్దు చేసేవాడా, ఏదో ఒకటి చెప్పమని. టీచరమ్మ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. ఆలోచించేటప్పుడు అట్లా చేసేది.

"తప్పు చిన్నదైతే ఆయన సిలువ ఎక్కే పని లేకుండె ఎల్లమ్మా. పోనీలే అంటే సరిపోతుండె. ప్రేమ చిన్నదైనా ఎక్కే పని లేకుండె. మీ సావు మీరు సావుండ్రి అంటే సరిపోతుండె. ఎక్కిండంటే రెండూ పెద్దయే."

ఎల్లమ్మ కాసేపు నెమరేసుకుని, "మా తల్లి గూడ గంతే. కోపమూ ఉంటది, మా మీద పాణమూ ఉంటది" అంది. టీచరమ్మ నవ్వింది. నవ్వి, ఎల్లమ్మ నోటుపుస్తకంలో సున్నా వేసింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఆమె సంగతి చెప్పడం కుదరదు.

మాది పాలమూరు. నా భర్త సెంట్రింగ్ పని చేసేవాడు. రెండు వేల తొమ్మిది వానాకాలంలో విద్యానగర్ వైపు కడుతున్న ఒక బిల్డింగు నాలుగో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. మమ్మల్ని పట్నానికి తెచ్చినవాడూ, ఆయనకు పని ఇచ్చినవాడూ మా పక్క ఊరి మేస్త్రీ. ఆ రోజు ఆసుపత్రిలో నాకంటే ఎక్కువ ఏడ్చాడు. శవాన్ని ఇవ్వాలంటే వేలిముద్ర పెట్టాలని పోలీసులు ఒక కాగితం చూపిస్తే పెట్టాను. హాస్టల్లో వంట పని ఇప్పించింది ఆయనే. ఆయనా భార్యా వచ్చే చర్చికి నన్ను మొదటిసారి తీసుకుపోయింది కూడా ఆయనే. తర్వాత ఊళ్లో నా భర్త తాగి పడ్డాడని పుకారు పుట్టింది. అత్తగారింట్లో పెరుగుతున్న నా బిడ్డను తాగుబోతు బిడ్డ అనడం మొదలుపెట్టారు. నా భర్త జన్మలో తాగలేదు. ఎవరో గిట్టనివాళ్లు పుట్టించారనుకున్నాను.

చదవడం కొంచెం వచ్చాక ఇంట్లో ఉన్న ఏదో ఒక కాగితం తెచ్చి అందరి ముందూ చదవాలని టీచరమ్మ నియమం. ఒకామె కరెంటు బిల్లు తెచ్చింది. ఎల్లమ్మ కొడుకు పెళ్లి కార్డు తెచ్చి, దాంట్లో తన పేరు తప్పు పడిందని నాలుగేళ్లకు కనిపెట్టి, ప్రెస్సువాణ్ణి పది నిమిషాలు తిట్టింది. నేను ట్రంకు పెట్టె అడుగు నుంచి నేను ముద్ర పెట్టిన నా భర్త చావు కాగితం జిరాక్సు తెచ్చాను. దాన్ని చదవాలనే నేను ఆ బడికి వచ్చింది.

కూడబలుక్కుంటూ చదివాను. మృతుడు. మద్యం. సేవించి. ఉన్నందున. అదుపు తప్పి. అక్కడ ఆగి, "మద్యం అంటే ఏంది టీచరమ్మా?" అని అడిగాను. తెలిసినవాళ్లు తల దించుకున్నారు. ఆమె మాత్రం నా మొహమే చూస్తూ, ముందు మొత్తం చదవమంది. ఇందులో ఎవరి తప్పూ లేదని, ఎవరి మీదా అనుమానం లేదని, మృతుని భార్యనైన నేను ఒప్పుకుంటున్నానని ఉంది. మృతుడు తాగి పనికి రావడం చూశానని చెప్పిన సాక్షిగా మేస్త్రీ సంతకం. దాని పక్కన నా బొటనవేలు.

"మద్యం అంటే సారా. కల్లు. ఏదైనా" అంది టీచరమ్మ. "తాగి పడ్డడని రాసిన్రు."

"ఆయన తాగడు."

"నాకు తెల్వది. నీకు తెలుసు. నువ్వే ముద్ర పెట్టినవు."

ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు. నా బిడ్డను తాగుబోతు బిడ్డ అనేవాళ్లకు నేనే కాగితం రాసిచ్చినట్లయింది. కళ్లు కనిపించలేదు. నోటికొచ్చినట్లు మేస్త్రీని తిట్టాను. తిట్టి తిట్టి, వాడి పిల్లలు కూడా అట్లాగే పడి పోవాలని శాపం పెట్టాను. టీచరమ్మ నా పుస్తకం మూసేసింది.

"న్యాయం అడుగు. ఎంత దూరమైనా అడుగు, నీ ఎంట నేను వస్త. పిల్లల జోలికి పోయినవంటే ఈ గదిల అడుగు పెట్టకు. లే, బయటికి నడు."

నలభై దాటిన దాన్ని, చిన్న పిల్లలాగా గది బయట ఎండలో మెట్టు మీద కూర్చున్నాను. బడి అయిపోయాక ఆమె వచ్చి నా పక్కనే కూర్చుంది. గొడుగు ఇద్దరికీ పట్టింది. ఆ రాత్రి హాస్టల్లో ఏం కూర చెయ్యాలో అడిగింది. వంకాయ అని చెప్పాను. నాకు హాస్టల్‌కు వేళయ్యేదాకా అట్లాగే కూర్చుంది.

ఈ సంగతి చర్చిలో తెలిసింది. పాస్టరుగారు మంచివారు, వయసులో చిన్నవారు. నన్ను పిలిచి, దేవుడు కనికరం గలవాడని, మనం కూడా క్షమించాలని, గుండెలో బరువు దించుకొమ్మని నెమ్మదిగా చెప్పారు. టీచరమ్మ పక్కనే ఉంది.

"పాస్టరుగారూ, క్షమించనీకి మీకేం పోయింది? పోయింది ఈమెకు. ఏం పోయిందో ముందుగాల ఈమెను చెప్పనీయుండ్రి" అంది.

ఆయన మొహం చిన్నబోయింది. ఆమె పట్టించుకోలేదు.

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తనకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పొచ్చు. జ్వరం తగ్గిందని ఒకరు, పిల్లవాడికి ఉద్యోగం వచ్చిందని ఒకరు. చెప్పడం అయ్యాక అందరూ స్తోత్రం అంటారు. అడ్డు ప్రశ్నలు వేయడం అన్నది లేదు. మేస్త్రీ తరచుగా లేచేవాడు. తాను పెద్ద పాపినని, దేవుడు తన పాపాలన్నీ కడిగేశాడని, ఇప్పుడు హాయిగా నిద్ర పడుతోందని ఏడుస్తూ చెప్పేవాడు. ఆ ఆదివారం కూడా అదే చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. టీచరమ్మ లేచి నిలబడింది.

"ఏ పాపం తమ్మీ?"

మేస్త్రీకి అర్థం కాలేదు. "అన్నీ అమ్మా" అన్నాడు.

"అన్నీ అంటే ఏదీ కాదు. ఒక్కటి చెప్పు. ఎవరికి చేసినవో వాళ్లకు చెప్పినవా?"

మేస్త్రీ కూర్చున్నాడు. పాస్టరుగారు తొందరగా పాట ఎత్తుకున్నారు. పాట అయిపోయేదాకా ఆమె నిలబడే ఉంది. తర్వాత కూర్చుంది. బయటికి వచ్చాక సంఘం పెద్దలు ఆమెను చుట్టుముట్టి, దేవుడి ఇంట్లో ఒక మనిషిని నలుగురిలో అవమానించావన్నారు. దేవుడి ఇంట్లో అడగకపోతే ఇంకెక్కడ అడగాలో వాళ్లనే చెప్పమంది. నాకు మాత్రం కడుపు నిండింది. ఆమె పూర్తిగా నా వైపు అనుకున్నాను.

మేస్త్రీ చర్చి మానేశాడు. రెండు వారాల తర్వాత ఎల్లమ్మ ఒక కబురు మోసుకొచ్చింది. టీచరమ్మ ప్రతి గురువారం నారాయణగూడ ఫ్లైఓవర్ వెనక బస్తీలో మేస్త్రీ ఇంటికి పోతోందట. స్టూలు మీద కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని తాగి, అతని భార్య షుగర్ గురించి అడిగి వచ్చేస్తోందట. అసలు సంగతి ఒక్క మాట కూడా ఎత్తడం లేదట. నేను ఆ రోజు రాసుకోకుండా పెన్ను కింద పెట్టి కూర్చున్నాను.

"వాని ఇంట్ల చాయ్ తాగుతున్నరా?"

"నీ ఇంట్ల గూడ తాగుతున్న గద."

"వాడు తప్పు చేసిండు."

"గందుకే పోతున్న" అంది. "తప్పు చేయకుంటే నాకేం పని?"

ఆ సాయంత్రం నేను ఆమెతో మాట్లాడకుండానే నడిచాను, ఆమె నా వెంట నడిచింది. చిక్కడపల్లి బస్టాపు దగ్గర నిలబడి, అడక్కుండానే వాచీ సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె వాచీ పోయింది. బడిలో ఆయాగా చేసే ఆమె మీద అనుమానమని హెడ్‌మాస్టరుతో చెప్పింది. ఆయాను తీసేశారు. ఏడాది తర్వాత పాత చేతిసంచి చిరిగితే, లోపలి గుడ్డలో నుంచి ఆ వాచీ జారిపడింది.

"మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసిన. మనసు నెమ్మదైంది. దేవుడు క్షమించిండు, అబద్ధం కాదు. కానీ పోయి ఆయాకు చెప్పలే. సిగ్గనిపించింది. ఎన్నో ఏండ్లకు ధైర్యం చేసి పోయిన. దొంగ అనే పేరు మీదనే ఆమె సచ్చిపోయింది." బస్సు వచ్చింది, ఆమె ఎక్కలేదు. "నాకు కనికరం దొరికింది బిడ్డా. ఆమెకు న్యాయం దొరకలే. నేను దొరకనియ్యలే. దేవుడు ఇద్దరికీ ఇయ్యాలని సూస్తడు. నా వాటా తీసుకుని, ఆమె వాటా నేను ఎత్తి పెట్టుకున్న. ఆ మేస్త్రీ ఇప్పుడు గదే చేస్తున్నడు. నా లెక్కనే ముసలోడయ్యేదాక ఆగొద్దని పోతున్న."

మరుసటి గురువారం ఆమె చాయ్‌కు పోయినప్పుడు నేను అడ్డు చెప్పలేదు. ఒప్పుకున్నాననీ చెప్పలేను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మేస్త్రీ మా గది గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. లోపలికి రాలేదు. అందరూ వింటుండగా నాతో చెప్పాడు.

"తాగలేదక్కా. పొద్దుగాల చాయ్ తప్ప ఏం తాగలే. వానకు చెక్క తడిసింది, ఆరినంక ఎక్కుత అన్నడు. నేనే ఎక్కుమన్న. నడుముకు కట్టుకునే బెల్టు గూడ ఇయ్యలే. కాంట్రాక్టరు ఎట్ల చెప్పమంటే అట్ల చెప్పిన."

ఇన్ని రోజులు ఏమేమో చేయాలనుకున్నాను. ఏమీ చేయలేదు. ఇంతకాలం నా మొహం ఎట్లా చూశావని మాత్రం అడిగాను. టీచరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, ఈమెకు చెప్పావు, ఇక రాసినచోట చెప్పాలంది. అతనికి అర్థమైంది. పోలీస్ స్టేషన్ అంటే జైలు. గుమ్మం పట్టుకుని, "గంత దూరం పోకుంటే దేవుడు క్షమించడా అమ్మా?" అని అడిగాడు. బేరమాడినట్లు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"క్షమించబట్టే నువ్వు ఈ గుమ్మం దాకా వచ్చినవు" అంది ఆమె. "శిక్ష తప్పించనీకి కాదు తమ్మీ క్షమాపణ. శిక్ష మోసేటప్పుడు నువ్వు ఒక్కనివి కావద్దని."

మరునాడు పొద్దున ముగ్గురం నడిచిపోయాం. ముందు ఆమె, తర్వాత అతను, చివర నేను. స్టేషన్ గేటు దగ్గర ఆమె ఆగిపోయింది. నేను ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ గేటు కనిపిస్తుంది. ఆమె అతని చేయి పట్టుకోలేదు. పక్కకు జరిగి దారి వదిలింది, రెండు వైపులా.

"ఈడికెంచి నువ్వే తమ్మీ. ఎనక్కి పోతవా, పో. గురువారం మీ ఇంటికి చాయ్‌కు వస్త, ఎప్పటి లెక్కనే. లోపలికి పోతవా, పో. అప్పుడు గూడ వస్త. నువ్వు ఏడుంటే ఆడికి."

అతను చాలాసేపు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు. ఒక ఆటో ఆగి, ఇతను ఎక్కేలా లేడని పోయింది. అతను భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకుని, లోపలికి పోయాడు. అది చూసింది మేమిద్దరమే.

మూసిన కేసు తెరిపించడానికి టీచరమ్మ దగ్గర చదువుకుని లాయరైన ఒకామె తిరిగింది. కాంట్రాక్టరు మీదా మేస్త్రీ మీదా కేసు అయింది. మేస్త్రీ జైల్లో ఉన్నన్నాళ్లు టీచరమ్మ పొద్దున ములాఖత్‌కు పోయి అతన్ని కలిసేది. సాయంత్రం నా గదికి వచ్చి, కోర్టులో ఎట్లా చెప్పాలో నేర్పేది. నాకు ఒళ్లు మండి ఒకరోజు అడిగేశాను, ఇంతకీ మీరు ఎవరి దిక్కు అని.

"ఇద్దరి దిక్కు. గందుకే మోకాళ్లు నొస్తున్నయి" అంది, కాళ్లు ఒత్తుకుంటూ.

ఆమె నేర్పింది ఎక్కువేం కాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. తక్కువ చేసి చెబితే నా భర్తకు అన్యాయం. ఎక్కువ చేసి చెబితే మేస్త్రీకి అన్యాయం. దాన్నే ఎన్నోసార్లు చెప్పించింది. ఏ ఒక్క మాట కోపంతో పెంచినా, మళ్లీ మొదటి నుంచి చెప్పించేది.

కేసు పిలుపు రాకముందే ఆమె పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఆమె పోయాక బడి ఆగలేదు. పెన్నులే ఇస్తున్నాం, రబ్బరు రానివ్వడం లేదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఇప్పుడు నేనే అఆలు దిద్దిస్తున్నాను.

కోర్టులో నా పేరు పిలిచిన రోజు చర్చి తరఫున ఎవరూ రాలేదు. ఎల్లమ్మ బండి మూసి వచ్చింది. బోనులో కాంట్రాక్టరు, అతని పక్కన ఎడంగా మేస్త్రీ. నా భర్త గురించి అడిగారు. ఆయన తాగేవాడు కాదని, ఆ కాగితంలో ఏముందో తెలియక ముద్ర పెట్టానని, ఇప్పుడు చదవగలనని, అందులో ఉన్నది అబద్ధమని చెప్పాను. మేస్త్రీ నాతో చెప్పింది కూడా చెప్పాను. తడి చెక్క మీదికి నా భర్తను అతనే ఎక్కించాడని, బెల్టు ఇవ్వలేదని, అబద్ధపు సాక్ష్యం ఇచ్చాడని. ఒక్క ముక్క కూడా తగ్గించలేదు. అతను తలెత్తలేదు.

అప్పుడు మేస్త్రీ లాయరు లేచాడు. ఒకే ప్రశ్న అడిగాడు. అతన్ని ఎవరైనా బలవంతంగా స్టేషన్‌కు లాక్కుపోయారా, లేక తనంతట తాను లోపలికి వెళ్లాడా, మీరు చూశారా అని.

ఆ ప్రశ్న వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. నా జవాబును బట్టి అతని శిక్ష తగ్గుతుందని మాత్రం నాకు అర్థమైంది. గేటు దగ్గర జరిగింది చూసినవాళ్లలో ఒకామె మట్టిలో ఉంది. అతను చెప్పుకుంటే ఎవరూ నమ్మరు. ఇక నేను. నాకు తెల్వదు అంటే సరిపోతుంది. దాన్ని అబద్ధమని పట్టుకునేవాళ్లు ఈ భూమ్మీద లేరు. నాలుగో అంతస్తు గుర్తొచ్చింది. నా బిడ్డ ఏడుపు గుర్తొచ్చింది. ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా.

"ఆయనే పోయిండు" అన్నాను.

వినపడలేదు, గట్టిగా చెప్పమ్మా, అన్నారు జడ్జిగారు.

"ఎనక్కి పోతే పొమ్మన్నరు సార్, పోలేదు. ఎవరూ చెయ్యి పట్టలే. ఆయనంతట ఆయనే లోపలికి పోయిండు."

నా భర్త తాగలేదని ఎంత గట్టిగా చెప్పానో, అంతే గట్టిగా చెప్పాను.